హెల్పర్ పేరు మీదనే ల్యాబ్ పని చేస్తున్న. పైకి పోయే తొవ్వ ఉన్నదా?

పరకాల పిల్ల

అన్నలకు, అక్కలకు నమస్తె. కొంచెం పొడుగు పోస్టు, ఓపికతోని చదువుండ్రి.

నాది పరకాల పక్కన ఒక ఊరు. వరంగల్ దగ్గర నూలు మిల్లుల పనిచేస్తున్న. మిల్లు పేరు చెప్పను, అడగకుండ్రి. బీఎస్సీ పరకాలలనే చదివిన. కరోనా కంటె ముందు చేరిన. చేరేటప్పుడు ల్యాబ్ పని అన్నరు. గేటు పాసు మీద మాత్రం "హెల్పర్" అని ఉన్నది, కింద కాంట్రాక్టర్ పేరు. కాంట్రాక్టర్లు మారిన్రు, గేటు పాసు రంగు మారింది, హెల్పర్ మాత్రం మారలే.

నా పని ఏందంటె, షిఫ్టుల నూలు వడికే రింగ్ ఫ్రేముల నుంచి బాబిన్లు తెచ్చి, రాప్ రీల్ అనే కొలత చక్రం మీద లీ చుట్టి, తూకమేసి, బలం చూసి, కౌంట్ రాసుడు. తెల్వనోళ్ళ కోసం చెప్తున్న: లీ అంటె 120 గజాల నూలు. కౌంట్ అంటె నూలు ఎంత సన్నగున్నదో చెప్పే అంకె, అంకె పెరిగితె నూలు సన్నం. 64.8ని దాని గ్రాముల తూకంతోని భాగిస్తె కౌంట్ వస్తది. 30 కౌంట్ నూలైతె లీ 2.16 గ్రాములు తూగాలె. అటు ఇటు కొంచెం అయితది, దానికో హద్దు ఉంటది.

పోయిన వానకాలం ఒక రాత్రి షిఫ్టుల మూడు ఫ్రేముల లీలు 2.25 దాక తూగినయి. అంటె కౌంట్ 28.8. నూలు లావైపోతున్నది అన్నట్టు. గది గట్లనే కోన్ అయ్యి, మంచి నూలుతోని కలిసి పోతె, అవతల బట్ట అల్లినంక చారలు పడ్తయి, సరుకు వాపస్ వస్తది. ఒక్క ఫ్రేమే అయితె ఆ ఫ్రేమ్ గేర్లు చూస్తం. మూడూ ఒక్కతీరుగ తేడా వస్తున్నయంటె తప్పు ఎనక ఉన్నది అనుకున్న. చూస్తె మూడింటికి రోవింగ్, అంటె వడికెటందుకు ముందు ఉండే లావు పోగు, పోయేది ఒక్క సింప్లెక్స్ మిషను నుంచే. దాని ఎనక పోతె డ్రా ఫ్రేమ్ అనే మిషనుల ఒక పక్క స్లైవర్, అంటె రోవింగ్ కంటె ముందు ఉండే దూది తాడు, ఉండాల్సినదానికంటె బరువుగ వస్తున్నది. నేనే స్లైవర్ గజాలు కొలిచి తూకమేసి, చిట్టీ మీద రాసుకపోయి షిఫ్ట్ ఆఫీసర్‌కు చూపెట్టిన. ఆయన డ్రా ఫ్రేమ్ ఆపిచ్చిండు. తెల్లారి రిపోర్టుల "షిఫ్ట్ ఆఫీసర్ గుర్తించి సరిచేయించారు" అని పోయింది. జీఎం సారు మీటింగుల మెచ్చుకున్నడట. కొన్ని నెలలకు ఆయన అసిస్టెంట్ మాస్టర్ అయిండు. ట్రైనీగ వచ్చినప్పుడు ఆయనకు రాప్ రీల్ తిప్పుడు నేర్పిచ్చింది నేనే. మనిషి మంచోడే, నాకు స్వీటు డబ్బా కూడ ఇచ్చిండు. ఆ స్వీటు తింటాంటె నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

మా మిల్లుల వరుస ఇట్ల ఉంటది: హెల్పర్, వర్కర్, మేస్త్రి, సూపర్‌వైజర్, షిఫ్ట్ ఆఫీసర్, అసిస్టెంట్ మాస్టర్, మాస్టర్, జీఎం. చదువుకున్నోళ్ళు ట్రైనీగ వచ్చి సీదా నడుమల ఎక్కుతరు. మాస్టర్లు ఎక్కువ కోయంబత్తూరు దిక్కోళ్ళు. స్టాఫ్ బస్సు వేరె, మా బస్సు వేరె. ఎక్కడ ఖాళీ అయితున్నది, ఎవరు పోతున్నరు, ఎవరి పేరు రాసిన్రు, ఇవన్ని స్టాఫ్ బస్సుల హనుమకొండ వచ్చేటాలకే తేలిపోతయి. మాకు నోటీసు బోర్డు మీద కనపడేటాలకు మనిషి చేరి కూసుంటడు.

హెచ్‌ఆర్‌ల అడిగిన. "నువ్వు మా రోల్స్‌ల లేవు కద, కాంట్రాక్టర్‌ను అడుగు" అన్నరు. కాంట్రాక్టర్‌ను అడిగితె "నేను మనుషులను పంపేటోన్ని, ప్రమోషన్లు నా చేతుల ఉంటయా" అన్నడు. మళ్ళ హెచ్‌ఆర్‌కు పోతె ఆ సారు ముందుగాల్ల "ఊళ్ళె మీ ఇల్లు ఎటు దిక్కు" అని అడిగిండు. చెప్పిన. "మీకు గవర్నమెంటుల కోటా ఉంటది కద, అటు ప్రయత్నం చెయ్యరాదు" అన్నడు. నేను కోటా అడగలే. నేను చేసే పనికి ఆ పని పేరు రాయిండ్రి అన్న. అంతే.

ఇప్పుడు నేనేం చెయ్యాలె? ఓపిక పట్టుకొని ఉంటె పేరు మారుతదా, లేక ఇట్లనే పోతదా? చట్టంల ఏమన్న ఉన్నదా? గట్టిగ అడిగితె తీసేస్తరా? ఇంటికాడ అవ్వ, బాపు నా జీతం మీదనే ఉన్నరు, తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నడు. ఉత్తగనే "ధైర్యంగ ఉండు" అనకుండ్రి, గది నా దగ్గర ఉన్నది.


మడికొండ కుర్రాడు

చెల్లె, నేను మడికొండల ఐటీ కంపెనీల చేస్తున్న, కంపెనీ రోల్స్ మీదనే. అయినా ఇక్కడ కూడ అంతే. రేటింగ్ టైముకు పది మంది టీముల ఒకరిద్దరికే పైన రేటింగ్ ఇయ్యాలని పైనుంచే లెక్క వస్తది. ఎవరు పనిచేసిన్రన్నది కాదు, మేనేజర్ మీటింగుల ఎవరి పేరు గట్టిగ చెప్పిండన్నదే లెక్క. నువ్వైతె ఆ లెక్కలనే లేవు. నా మాట విను, ఎక్సెల్ మంచిగ నేర్చుకో, ఇంగ్లీషు మాట్లాడుడు నేర్చుకో, వేరె కంపెనీల ల్యాబ్ ఉద్యోగం చూసుకో. ఒక్కచోట ఎక్కువ రోజులుంటె హెల్పర్ అనే పేరు రెజ్యూమెకు అంటుకుంటది.


టైమాఫీస్ రిటైర్డ్

బిడ్డా, నేను కాజీపేటోన్ని. సర్వీసంతా ఫ్యాక్టరీల టైమాఫీసులల్లనే గడిచింది. మస్టర్లు (హాజరు పుస్తకాలు) రాసుడు, ఓటీ (ఓవర్‌టైమ్) లెక్కలు, కాంట్రాక్టర్ల బిల్లులు పాసు చేసుడు. మా బాపు ఆజంజాహి మిల్లుల చేసేది. 1934ల పెట్టిన మిల్లు, 2002ల మూతపడ్డది. నూలు సంగతి నాకు చిన్నప్పటి సంది ఎరుకే. నీ 2.25 గ్రాముల ముచ్చట చదివి శాన సంబురమైంది.

అసలు సంగతి చెప్త. బయటినుంచి చూస్తె కంపెనీల ఒక్కటే నిచ్చెన ఉన్నట్టు కనపడ్తది. లోపల మూడు పుస్తకాలుంటయి. స్టాఫ్ రోల్ ఒకటి, కంపెనీ వర్కర్ల రోల్ ఒకటి, కాంట్రాక్టర్ రోల్ ఒకటి. ప్రమోషన్ అనేది ఒక పుస్తకం లోపలనే జరుగుతది. ఒక పుస్తకంల నుంచి ఇంకో దాంట్లకు పోవుడు ప్రమోషన్ కాదు, కొత్త నియామకం. నువ్వు ఎంత మంచిగ చేసినా మూడో పుస్తకంల పైమెట్టు లేదు. హెల్పర్లకు పైన హెల్పర్లను లెక్కపెట్టే సూపర్‌వైజర్ ఒక్కడు, ఆయన కాంట్రాక్టర్ బావమరిది.

ఇంకో ముచ్చట ఎవరూ చెప్పరు. కంపెనీ మనుషుల జీతాలు ఒక పద్దు కింద పోతయి. హెడ్డాఫీసు వాళ్ళు "మీ యూనిట్‌కు ఇంతమంది" అని తలలు లెక్కపెట్టి ఇస్తరు. కాంట్రాక్టర్ బిల్లు ఇంకో పద్దు, అది సర్వీసు ఖర్చు. జీఎంకు నువ్వు ఎంత నచ్చినా రోల్ మీద ఒక తల పెంచుడు ఆయనకు కష్టం, కాంట్రాక్టర్ బిల్లుల పది మందిని పెంచుడు సులువు. అందుకే "చూద్దాంలే" అంటరు. అబద్ధం కాదు, కానీ నీకు ఆ సంగతి చెప్పరు. వచ్చే ఏడు మనుషుల లెక్క చాన కంపెనీలల్ల జనవరి, ఫిబ్రవరిల తయారైతది, ఏప్రిల్ నుంచి అమలు. మే నెలల పోయి అడిగినోళ్ళకు "ఈ ఏడు అయిపోయింది" అంటరు. నువ్వు అడగవలసింది డిసెంబర్‌ల.

హెల్పర్ అని ఎందుకు రాస్తరంటె, కనీస వేతనాలల్ల అన్‌స్కిల్డ్, సెమీస్కిల్డ్, స్కిల్డ్ అని వర్గాలుంటయి. ల్యాబ్ అసిస్టెంట్ అని రాస్తె పై వర్గం రేటు అడుగుతవు. దాని మీదనే పీఎఫ్, బోనస్ లెక్క పెరుగుతది. పేరు ఒక్కటి చిన్నగ రాస్తె అన్ని చిన్నగనే ఉంటయి.

చట్టం సంగతి అడిగినవు. కాంట్రాక్ట్ లేబర్ చట్టం 1970ల వచ్చింది. దాని కింద కేంద్రం చేసిన రూల్సుల, కంపెనీ మనిషి చేసే పనే కాంట్రాక్ట్ మనిషి చేస్తె జీతం కూడ అదే ఉండాలె అని ఉండేది. కానీ పర్మనెంట్ చేసే సంగతి వేరు. 1996ల ఎయిరిండియా కేసుల సుప్రీంకోర్టు, కాంట్రాక్ట్ రద్దయితె మనుషులను కంపెనీ తీసుకోవాలె అన్నది. 2001ల స్టీల్ అథారిటీ కేసుల ఐదుగురు జడ్జీల బెంచి ఆ తీర్పును పక్కకు పెట్టింది. దానంతట అది పర్మనెంట్ అయ్యేది లేదు అన్నది. కాంట్రాక్ట్ ఉత్త నాటకం, అసలు యజమాని కంపెనీయే అని లేబర్ కోర్టుల రుజువైతె వేరే సంగతి. ఆ రుజువుకు కావాల్సింది కాగితాలు. నీకు పని చెప్పేది ఎవరు, సెలవు ఇచ్చేది ఎవరు, నీ తప్పుకు మెమో ఇచ్చేది ఎవరు? ఇయ్యన్ని కాగితం మీద కంపెనోళ్ళవే ఉంటె నీ మాటకు బలం. కేసు వెయ్యమని చెప్తలేను, ఏండ్లు పడ్తది. కాగితాలు దాచుకోమంటున్న.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలుకు వచ్చినయి. పాత 1970 చట్టం ఇప్పుడు వాటిల్లనే కలిసింది. వాటిల్ల నీకు పనికొచ్చేది ఒకటుంది. ప్రతి మనిషికి నియామక పత్రం ఇయ్యాలె. కాంట్రాక్టర్ మనిషి అయినా సరే. నీకు ఇచ్చిన్రా? ఇయ్యకపోతె ముందుగాల్ల అదే అడుగు. ప్రమోషన్ అడిగితె నవ్వుతరు, నియామక పత్రం అడిగితె నవ్వలేరు. దాంట్ల పని పేరు రాయాల్సిందే. ఇంకోటి, 20 మంది, అంతకంటె ఎక్కువ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలె. సగం మంది యాజమాన్యం దిక్కు, సగం వర్కర్ల దిక్కు, ఆడవాళ్ళు పనిచేసే లెక్క ప్రకారం అందుల ఆడవాళ్ళు ఉండాలె.

నీ యూఏఎన్ నంబరుతోని పీఎఫ్ పాసుబుక్కు తీసి చూడు. కాంట్రాక్టర్ మారినప్పుడల్ల కొత్త మెంబర్ ఐడీ పడ్తది. నడుమల ఖాళీ నెలలుంటె రాసిపెట్టుకో. నువ్వు అదే కుర్చీల కూసున్నా, కాగితం మీద మాటిమాటికి కొత్తగ చేరినట్టు చేస్తరు. సీనియారిటీ అట్లనే మాయమైతది.

హెచ్‌ఆర్ సారు మాటకు వస్తె, అది చిల్లర మాట. చట్టం కూడ ఇక్కడ నీకు పెద్దగ అండ కాదు, అది కూడ చెప్పాలె. రాజ్యాంగం 16వ ఆర్టికల్ సర్కారు నౌకర్లకు. 1995ల 77వ సవరణతోని వచ్చిన 16(4ఎ) ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లల్ల రిజర్వేషన్‌కు దారి ఇచ్చింది, అదీ సర్కారులనే. వేతనాల కోడ్‌ల వివక్ష చూపొద్దు అన్నది ఆడ, మగ తేడా మీద. దివ్యాంగులకు 2016 చట్టంతోని ప్రైవేట్ల కూడ సమాన అవకాశాల విధానం ఉండాలె. కులం పేరు మీద ప్రమోషన్ ఆపిన్రు అని ప్రైవేట్ కంపెనీని నేరుగ అడిగే చట్టం మాత్రం లేదు. 1989 అట్రాసిటీ చట్టం నలుగురిల కులం పేరుతోని అవమానిస్తె పనికొస్తది. "ఇల్లు ఎటు దిక్కు" అనేటోడు ఆ సంగతి తెలిసే అట్ల అడుగుతడు.

మడికొండ తమ్ముడు వెళ్ళిపొమ్మంటున్నడు. వెళ్ళు, కానీ ఉత్త చేతులతోని వెళ్ళకు. కొత్తచోట "ఇన్నేండ్లు ఏం చేసినవు" అంటె హెల్పర్ గేటు పాసు చూపిస్తవా?


ఎనిమిదో ఇంక్లైన్

గోదావరిఖని నుంచి. పై కాకా చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నేను ఇంకో దిక్కు నుంచి చెప్త.

మా నాయిన సింగరేణిల బదిలీ ఫిల్లర్, అంటె రానోళ్ళ జాగల బొగ్గు నింపేటోడు. ఐదో తరగతి దాక చదివి, నౌకర్ల చేరినంక మళ్ళ పరీక్షలు రాసుకున్నడు. సర్దార్, అంటె బావిల ఒక భాగానికి బాధ్యుడు, అయ్యి రిటైరయిండు. బొగ్గుబావిల వరుస గోడ మీద రాసినట్టు ఉంటది. వేతన ఒప్పందంల కేటగిరీ 1 నుంచి 6 దాక, ఆ పైన టెక్నికల్ సూపర్‌వైజరీ గ్రేడ్లు. ఒక రోజు పై కేటగిరీ పని చేపిస్తె ఆ రోజుకు యాక్టింగ్ కింద తేడా కట్టిస్తరు. ఆ యాక్టింగ్ మస్టర్లు చూపెట్టే మనిషి పైకి అడుగుతడు. పరకాల చెల్లె ఏండ్ల సంది యాక్టింగే చేస్తున్నది, కానీ ఒక్క మస్టర్ కూడ రాయలే. తేడా అక్కడున్నది.

అన్నిటికంటె ముఖ్యం, సర్దార్ సర్టిఫికెట్ మేనేజర్ ఇయ్యడు. డీజీఎంఎస్ అనే కేంద్ర గనుల భద్రత సంస్థ ఇస్తది, ధన్‌బాద్‌ల ఆఫీసు. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ పాసయి, అనుభవం చూపెట్టి, బోర్డు ముందు కూసోవాలె. సర్దార్ లేకుండ బావిల జిల్లా నడవొద్దని చట్టం. ఇక్కడ జిల్లా అంటె బావిల పనిచేసే ఒక భాగం. మేనేజర్‌కు మా నాయిన మొఖం నచ్చినా నచ్చకపోయినా ఆ కాగితం కాగితమే. మా నాయినకు చదువు చెప్పింది పక్క క్వార్టర్ల ఓవర్‌మన్ (సర్దార్ల మీద ఉండే సూపర్‌వైజర్) కాక. ఎండకాలం రాత్రిళ్ళు బయట మంచమేసుకొని, మీథేన్ ఎంత శాతం ఉంటె ఏం చెయ్యాల్నో మా అమ్మకు కూడ కంఠతా వచ్చేదాక చదివిండు.

కానీ ఆ నిచ్చెనకు కూడ మొదటిమెట్టు భూమి లోపలనే ఉండేది. 1952 మైన్స్ యాక్టు 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు బావిలకు దిగొద్దని ఉండేది. దిగకపోతె లోపలి అనుభవం లేదు, అనుభవం లేకపోతె సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతె సూపర్‌వైజర్ కాదు. 2019ల కేంద్రం సడలింపు ఇచ్చినంకనే ఆ తలుపు తెరిచింది. అప్పటిదాక చదువుకున్న ఆడపిల్ల అయినా బావి పైననే. ఎవరూ ఆపినట్టు కనపడదు, మెట్టు అక్కడ పెడ్తరు అంతే.

చెల్లె, నీ మిల్లు బయటోళ్ళు ఇచ్చే కాగితం ఏమన్న ఉన్నదా చూడు. కోయంబత్తూరుల సిట్రా అని నూలు పరిశోధన సంస్థ ఉన్నది, వాళ్ళు మిల్లు టెక్నీషియన్లకు ట్రైనింగులు ఇస్తరు. మీ మాస్టర్లంత ఆ దిక్కోళ్ళే అంటున్నవు, ఆ పేరు వాళ్ళకు తెలుస్తది. స్కిల్ ఇండియాల పాత అనుభవానికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ కూడ ఉన్నది. నిజం చెప్తె దాని విలువ డీజీఎంఎస్ కాగితం అంత కాదు. చట్టం అడిగే కాగితానికి, మామూలు కాగితానికి తేడా ఉంటది. కానీ పేరు ముందు ఏమీ లేనిదానికంటె నయం.


పరకాల పిల్ల

అందరికి దండాలు. టైమాఫీస్ కాకా, పాసుబుక్కు తీసి చూసిన. మూడు మెంబర్ ఐడీలున్నయి. నడిమి కాంట్రాక్టర్ కొన్ని నెలలు పైసలే కట్టలే. అప్పుడు స్లిప్పుల మాత్రం కోసిండు. స్లిప్పులు ఇంటికాడ బీరువాల ఉన్నయి, అవ్వ ఏ కాగితం పారేయది.

నియామక పత్రం ఎప్పుడూ ఇయ్యలే. కానీ కాకా, భయమైతున్నది. మా షిఫ్టుల ఒక అన్న ఓటీ లెక్క అడిగితె, తెల్లారి గేటు కాడ ఆయన పాసు పంచ్ కాలే. ఎవరు తీసేసిన్రో ఎవరూ చెప్పలే. కంపెనీని అడిగితె కాంట్రాక్టర్ అన్నరు, కాంట్రాక్టర్‌ను అడిగితె కంపెనీ అన్నరు.


గీసుకొండ అక్క

ఈ పిల్ల భయం ఉత్తది కాదు. కాకా, మీరు చెప్పినయన్ని నిజమే, కానీ ఒంటరి ఆడపిల్ల మొదటి కాగితమే ఫిర్యాదు కాగితం ఇస్తె ఏమైతదో మీకు తెలుసు.

నేను బట్టలు కుట్టే ఫ్యాక్టరీల లైన్ల కూసున్న. ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. లైన్ల కుట్టేటోళ్ళంత ఆడవాళ్ళు, నిలబడి అరిచేటోడు మగాయన. నేను వచ్చిన కొత్తల సూపర్‌వైజర్ కావాలంటె రెండో షిఫ్టు కూడ చెయ్యాలె అనే రూలు పెట్టిన్రు. రెండో షిఫ్టు దిగేటాలకు రాత్రి పది దాటుతది. అప్పుడు పరకాల దిక్కు, నర్సంపేట దిక్కు బస్సెక్కడిది? ఊరి పిల్లలంత ఎనుకకు పోయిన్రు. వరంగల్ల ఇల్లున్నోళ్ళు అయిన్రు. ఎవరిని కాదన్నట్టు లేదు, ఊరోళ్ళు ఒక్కరూ మిగలలే. మేమందరం కలిసి రెండో షిఫ్టుకు కంపెనీ బండి అడిగినం, ప్రమోషన్ అడగలే. బండి పెట్టినంకనే నేనూ, ఇంకిద్దరూ సూపర్‌వైజర్లమైనం.

నీకు చెప్పేదేందంటె చెల్లె, కొట్లాట మొదలుపెట్టకముందే నీ పేరు కాగితం మీదికి ఎక్కాలె. దానికి ఒక తొవ్వ ఉన్నది. మీ మిల్లుకు ఐఎస్‌ఓ నాణ్యత సర్టిఫికెట్ ఉన్నదా? ఆడిట్లు అయితయి కద. ల్యాబ్‌కు వర్తించే ఐఎస్‌ఓ 17025ల, ఏ పరీక్ష ఏ తేదీన ఎవరు చేసిన్రు, ఎవరు సరిచూసిన్రు అన్నది రికార్డుల ఉండాలె అని స్పష్టంగ ఉన్నది. మీ ల్యాబ్‌కు ఆ గుర్తింపు లేకపోయినా, బయట కొనుగోలుదారులు వచ్చి అడిగేది అదే. ఆడిట్ ముందు నీ మాస్టర్ దగ్గరికి పోయి, "సార్, రిజిస్టర్ల పరీక్ష చేసినవారు, సరిచూసినవారు అని రెండు కాలమ్‌లు గీసుకుంటె ఆడిటర్ ప్రశ్న రాదు" అను. నా పేరు కోసం అని అనకు. ఆడిట్ కోసం అను. ఆడిట్ అంటె వాళ్ళకు జ్వరమొస్తది, వెంటనే ఒప్పుకుంటరు.

ఇంకోటి. వారానికి ఒకసారి ఏ ఫ్రేముల కౌంట్ ఎంత తప్పింది అని ఒక్క పేజీ తయారు చెయ్యి. కింద నీ పేరు, తేదీ. ఎవరూ అడగకపోయినా మాస్టర్‌కు ఇయ్యి. ఆయన దానికి అలవాటు పడ్తడు. ఒక వారం ఇయ్యకపోతె ఆయనే అడుగుతడు. అప్పుడు నీ అవసరం తెలుస్తది.

ఆ స్టాఫ్ బస్సు ముచ్చట బాగ రాసినవు. మా దగ్గర అది టీ బల్ల. మాస్టర్ల కాడ తమిళం నాలుగు ముక్కలు నేర్చుకో. నవ్వుతరు, కానీ ఎవరు ఖాళీ చేస్తున్నరో చెప్తరు.


పరకాల పిల్ల

అక్కా, నిన్ననే అడిగిన. వచ్చే నెల కొనుగోలుదారు ఆడిట్ ఉన్నది, మాస్టర్ సారు "కరెక్టే" అన్నడు. రిజిస్టర్ల కాలమ్‌లు గీసిన. షిఫ్ట్ ఆఫీసర్ వచ్చి "నీ సంతకం ఎందుకు, నాది చాలు" అన్నడు. నేను "ఆడిట్ సార్" అన్న. ఇంకేం అనలే. రాత్రి షిఫ్టు మొదటి లీకి "పరీక్ష చేసినవారు" కింద సంతకం పెట్టిన. 2.17 వచ్చింది, బరాబరే.

సిట్రా గురించి మాస్టర్‌ను అడిగిన. "ఎవరు చెప్పిన్రు నీకు" అని ఆశ్చర్యపోయిండు, వాళ్ళ వదినె కొడుకు అక్కడ ట్రైనింగు తీసుకున్నడట. కంపెనీ పంపదు, సొంత ఖర్చుతోని పోతె సెలవు చూస్త అన్నడు. పైసలు కూడబెట్టాలె.

కాకా, డిసెంబర్‌ల ఇచ్చే కాగితం ఎట్ల రాయాలె? ఫిర్యాదు లెక్క ఉండొద్దు. ఇంగ్లీషుల రాయాల్నా?


టైమాఫీస్ రిటైర్డ్

గీసుకొండ బిడ్డ చెప్పిందే మొదలు చెయ్యాలె, ఒప్పుకుంటున్న. కాగితం రెండోది.

తెలుగులనే రాయి. ఇంగ్లీషు తప్పులు పట్టుకొని అసలు సంగతి పక్కకు పెట్టేటోళ్ళు ఉంటరు. ఇట్ల రాయి:

"అయ్యా, నేను మీ మిల్లు నాణ్యతా ప్రయోగశాలలో ఫలానా నెల నుండి నూలు కౌంట్, బలం పరీక్షలు చేస్తున్నాను. నా గేటు పాసుపై హోదా హెల్పర్ అని ఉంది. నేను చేసే పనుల జాబితా జత చేశాను. ఈ పనికి తగిన హోదాతో నియామక పత్రం ఇప్పించగలరు. వచ్చే ఆర్థిక సంవత్సరపు సిబ్బంది లెక్కలో ప్రయోగశాల సహాయకుల పోస్టు ఉంటే నా దరఖాస్తును పరిశీలించగలరు."

అంతే. అన్యాయం, అవమానం, కులం, ఇంకొకరి ప్రమోషన్, ఏ ఒక్క మాట రాయకు. పీఎఫ్ ఖాళీ నెలలు ఇందుల కలపకు. దానికి వేరె దరఖాస్తు, పీఎఫ్ ఆఫీసుకు. రెండూ కలిపితె రెండూ పాడైతయి. జత చేసే జాబితాల సంతకాలున్న రిజిస్టర్ పేజీల తేదీలు రాయి. గీసుకొండ బిడ్డ చెప్పిన వారం పేజీలు పెట్టు. ఆ మూడు ఫ్రేముల ముచ్చట పెట్టకు, అది వాళ్ళకు తెలిసిందే, పెడితె ఆ అసిస్టెంట్ మాస్టర్ ఎదురు తిరుగుతడు. ఆయన నీ దిక్కు ఉంటేనే నయం, స్వీటు డబ్బా ఇచ్చిన మనిషి కద.

ఒంటరిగ ఇయ్యకు. ల్యాబ్‌ల నీలెక్క హెల్పర్ పేరు మీద ఎంతమంది ఉంటె అంతమంది ఎవరిది వాళ్ళే రాసి, ఒక్కరోజే ఇయ్యుండ్రి. ఒక్కరి పాసు ఆపుడు తేలిక, ల్యాబ్ మొత్తం ఆపితె తెల్లారి కౌంట్ ఎవరు చూస్తరు?

మూడు కాపీలు తియ్యి. హెచ్‌ఆర్‌కు ఒకటి, కాంట్రాక్టర్‌కు ఒకటి. మూడోదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకొని ఇంటికి తీసుకపో, మీ అవ్వ బీరువాల పెడ్తది. ముద్ర వెయ్యం అంటె మాట పెంచకు, అదే రోజు స్పీడ్ పోస్టుల పంపు. మునుపటి రిజిస్టర్ పోస్టు 2025 సెప్టెంబర్ 1 నుంచి దాంట్లనే కలిసింది, అడిగితె రిజిస్ట్రేషన్ చేసి ఇస్తరు. హనుమకొండ హెడ్ పోస్టాఫీసుల ఇయ్యి, రసీదు మీద హెచ్‌ఆర్ హోదా పూర్తిగ రాసిన్రో లేదో కిటికీ దగ్గరనే చూసుకో.